రాయిలో నాచు, నాచులో వెలుతురు

తిరుమల ఘాట్ రోడ్డులో ఒకచోట కింద గ్రానైటు, దాని నెత్తిన నగరి క్వార్ట్‌జైటు, అంటే బండబారిన ఇసుకరాయి, కనిపిస్తాయి. రెండూ ఆనుకునే ఉన్నా వాటి మధ్య దాదాపు 80 కోట్ల ఏళ్ల చరిత్ర గల్లంతయింది. భూగర్భ శాస్త్రంలో దాన్ని ఎపార్కియన్ అన్‌కన్ఫర్మిటీ అంటారు. కొండమీది శిలాతోరణం కూడా ఆ క్వార్ట్‌జైటే. చూడ్డానికొచ్చిన వాళ్లలో ఎవరో ఒకరు "ఇదంతా ఒకప్పుడు సముద్రమంట" అంటారు. మాటలో తప్పులేదు. ఎంత లోతు సముద్రం, నీళ్లు తేటవా బురదవా, వెచ్చనివా చల్లనివా అని అడిగితే మాత్రం ఆ రాయి పెద్దగా నోరు విప్పదు. ఇసుక మీద అలలు గీసిన గీతలు చూపించి, లోతు తక్కువని చెప్పి ఊరుకుంటుంది.

ఇంతకంటే వివరంగా మాట్లాడే సాక్షి ఒకటుంది: కోరలైన్ శైవలాలు, అంటే ఒంట్లో సున్నం నింపుకునే ఎర్ర నాచు. అయితే తిరుమల కొండల్లో దాన్ని వెతకడం దండగ. క్వార్ట్‌జైటు వయసు 150 కోట్ల ఏళ్ల పైమాట. కోరలైన్లు రాళ్లలో నిక్కచ్చిగా కనిపించడం మొదలయ్యేది డైనోసార్లు తిరిగిన క్రిటేషియస్ కాలం ఆరంభంలో, సుమారు 13 కోట్ల ఏళ్ల కిందట. పులివెందుల వైపు వేంపల్లె డోలమైటులో (మెగ్నీషియం కలిసిన సున్నపురాయిలో) గోపురాల్లా పొరలు పొరలుగా కనిపించే స్ట్రొమాటొలైట్లను చూసి ఇదే ఆ నాచు అనుకునేవాళ్లూ ఉన్నారు. అవి సూక్ష్మజీవుల చాపలు పేరుకుని కట్టుకున్నవి. కోరలైన్లకు వాటితో చుట్టరికం లేదు.

తిరుపతి నుంచి ఒక రాత్రి ప్రయాణం దక్షిణానికి వెళ్తే సరైన వయసు రాళ్లు దొరుకుతాయి. తమిళనాడులో కల్లక్కుడి దగ్గరి డాల్మియాపురం సున్నపురాళ్లలో పగడాలూ శైవలాలూ కలిసి పెరిగిన పొర ఉంది. ఆ ప్రాంతంలోనే ఇంకా పైపొరల్లో నినియూరు సున్నపురాళ్లు ఉన్నాయి. వాటిలోని శిలాజ శైవలాలను ఎల్. రామారావు, యూలియస్ పియా అనే శాస్త్రవేత్తలు 1936లోనే వర్ణించారు. మన రాజమండ్రి దగ్గర కాటేరు, పంగిడి సున్నపురాళ్లలోనూ శైవలాలున్నాయి గానీ, అక్కడ పేరుపడ్డవి డాసిక్లాడ్లనే ఆకుపచ్చ రకం. లోతు తక్కువగా, కదలిక లేకుండా ఉండే నీళ్లకు అవి మంచి గుర్తులు. ఇక్కడ మన విషయం ఎర్రవాటి గురించి.

మొక్కో, పగడమో

కోరలైన్లు చేతికి రాయిలాగే తగులుతాయి. జీవులకు పేర్లు పెట్టే పద్ధతి తెచ్చిన లిన్నేయస్ కాలంలో వీటిని పగడాల పక్కన, జంతువుల్లో చేర్చారు. ఇవి మొక్కలని 1837లో ఫిలిప్పి అనే ప్రకృతి శాస్త్రవేత్త వాదించి, లిథోథామ్నియాన్, లిథోఫిల్లమ్ అనే పేర్లు పెట్టాడు. ఆ పేర్లే ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి.

ఇవి పాతసముద్రాల సాక్షులు కావడానికి కారణం కణ గోడల్లో ఉంది. ప్రతి కణం తన గోడలోకే మెగ్నీషియం ఎక్కువగా ఉన్న కాల్సైటును, అంటే సున్నపు ఖనిజాన్ని, దింపుకుంటుంది. మొక్క చచ్చి లోపలి జీవపదార్థం కుళ్లిపోయాక కూడా, 5 నుంచి 20 మైక్రాన్ల (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు) కణాల గదులు ఇటుక గోడలా వరసలు చెడకుండా మిగులుతాయి. పగడం అస్థిపంజరం ఆరగొనైటు అనే ఇంకో రకం సున్నపు ఖనిజానిది, అది నేల నీటిలో సులువుగా కరిగిపోతుంది. ఈ తేడాను గుర్తుంచుకోండి. ముందుముందు ఇదే ఒక పెద్ద పొరపాటుకు దారితీస్తుంది.

అసలు చిక్కు లోతు దగ్గర

"కోరలైన్లు ఉన్నాయి కాబట్టి లోతు తక్కువ సముద్రం" అనే వాక్యం విద్యార్థుల రిపోర్టుల్లో కోకొల్లలు. బహామాస్‌లో సాన్ సాల్వడార్ దీవి పక్కన 268 మీటర్ల లోతులో బతికి ఉన్న కోరలైన్ పొరను లిట్లర్ బృందం 1985లో ప్రకటించింది. అక్కడికి చేరే వెలుతురు నీటి ఉపరితలం మీద పడేదాంట్లో 0.0005 శాతం. అంటే ఈ నాచుకు మీటర్ల లెక్క తెలీదు. దానికి తెలిసింది వెలుతురు. వెలుతురును లోతుగా మార్చుకోవాల్సింది మనం. ఆ మారకం రేటు నీటి తేటదనాన్ని బట్టి మారిపోతుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. మీటరుకు 4 శాతం చొప్పున వెలుతురు తగ్గే తేట నీటిలో, పైన పడినదాంట్లో 1 శాతం మిగిలేది 113 మీటర్ల దగ్గర. మీటరుకు 18 శాతం తగ్గే మడ్డి నీటిలో అదే 1 శాతం 23 మీటర్లకే వచ్చేస్తుంది. ఒకే రకం నాచు ఒక తీరంలో 20 మీటర్ల దగ్గరా, ఇంకో తీరంలో 100 మీటర్ల దగ్గరా హాయిగా బతకొచ్చన్నమాట. ఈశాన్య రుతుపవనం వానలకు ఏర్లు పొంగాక తూపిలిపాలెం బీచ్‌లో నిలబడి, గోధుమరంగు నీళ్లలో మీ పాదాలు ఎంత లోతు వరకు కనబడతాయో చూడండి. లక్షద్వీప్ నీళ్లతో దాన్ని పోల్చుకుంటే చాలు, తేడా అర్థమవుతుంది.

అందుకే రాయిలో బంకమన్ను ఎంత ఉందన్నది నాచు పేరుతో సమానమైన సమాచారం. సున్నపురాయి ముక్కను తూచి, పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో కరిగించి, మిగిలిన మడ్డిని కడిగి ఆరబెట్టి మళ్లీ తూస్తే ఆ సంగతి తేలుతుంది. ఇంత తేలిక పనిని చాలామంది వదిలేసి, నేరుగా మైక్రోస్కోపు ముందు కూర్చుంటారు.

క్వారీ గోడ ముందు

పొలం పని, అంటే ఫీల్డు పని, సగం సమాధానం ఇస్తుంది. ముందు చూడాల్సింది నాచు ఏ రూపంలో పెరిగిందన్నది. పేరు తర్వాత. 1993లో ఊల్కర్లింగ్ బృందం పెరుగుదల రూపాలకు పది పేర్లు స్థిరపరిచింది: పొరగా పరుచుకున్నది, పులిపిర్లుగా లేచింది, ముద్దలుగా ఉబ్బింది, కొమ్మలు వేసింది, ఆకుల్లా పలుచగా లేచింది, ఇలా. ఇవన్నీ ఒకదాన్నుంచి ఇంకోదానికి అంచెలంచెలుగా మారేవే. గీత గీసినట్టు విడదీయలేం. అయినా అందరూ ఒకే మాట వాడితే ఒకరి రిపోర్టు ఇంకొకరికి పనికొస్తుంది.

తర్వాతది రోడోలిత్. దేనికీ అతుక్కోకుండా, సముద్రపు అడుగున దొర్లుతూ అన్ని వైపులా నాచు పెరిగిన ఉండ ఇది. నిమ్మకాయంత, కొబ్బరికాయంత కూడా ఉంటాయి. ఒక్కో పొరలో కనీసం 30 ఉండలకు పొడుగు, మధ్యస్థం, పొట్టి అక్షాలు మూడూ కొలవాలి. గుండ్రంగా ఉంటే ఎక్కువ దొర్లింది, బల్లపరుపుగా ఉంటే కదలకుండా పడుకుంది అని పాత లెక్క. అయితే అన్నిటినీ అలలే దొర్లిస్తాయనుకోవడం పొరపాటు. సముద్రపు ముళ్లచెండ్లు, చేపలు, మట్టి తవ్వే జీవులు కూడా వీటిని తిప్పుతాయని కాలిఫోర్నియా సింధుశాఖ పరిశీలనల్లో తేలింది. పైగా మధ్యలో ఉన్న గింజ, అంటే మొదట నాచు అతుక్కున్న గవ్వ ముక్క, బల్లపరుపుగా ఉంటే ఉండ కూడా మొదట్లో అదే ఆకారం తీసుకుంటుంది. కాబట్టి ఆకారం ఒక్కటే చూసి "అలల తాకిడి బలంగా ఉన్న తీరం" అని రాసేయకండి.

ఆకారం కంటే అడ్డకోత నమ్మదగ్గది. 6 సెంటీమీటర్ల ఉండను సరిగ్గా నడిమికి కోశామనుకుందాం. నడుమ ఒక ఆల్చిప్ప ముక్క. దాని చుట్టూ పలుచని పొరలు అన్ని వైపులా సమానంగా ఉన్నాయి: తరచూ దొర్లింది. దాని బయట ఒకవైపే కొమ్మలు లేచాయి, రెండోవైపు పొర సన్నగా ఉంది: కొంతకాలం ఒకే పక్కకు పడుకుంది. కొమ్మల మధ్య సందుల్లో సన్నటి మట్టి దిగింది: నీటి కదలిక తగ్గింది. ఆ కొమ్మల చివరలు అరిగి, వాటిలో స్పాంజీలు, రంధ్రాలు తొలిచే గుల్లలు కన్నాలు వేశాయి: పెరుగుదల ఆగి, ఉండ ఖాళీగా పడి ఉంది. ఆ కన్నాల మీద మళ్లీ పలుచని నాచు పొర: ఇంకోసారి తిరగబడి బతికింది. ఒక్క ఉండ, అయిదు అధ్యాయాలు. ఏడాదికి అర మిల్లీమీటరు పెరిగినా, 30 మిల్లీమీటర్ల వ్యాసార్థానికి 60 ఏళ్లు పడుతుంది. మధ్యలో ఆగిన కాలం దీనికి అదనం. కాబట్టి ఒకే ఉండలోని లోపలి పొరా, బయటి పొరా ఒకే వాతావరణానివి కానక్కర్లేదు. నమూనా సంచి మీద నంబరు రాస్తూనే రాయి మీద "పై దిక్కు" బాణం గుర్తు వేయకపోతే ఈ కథంతా పోయినట్టే.

ఎంత శాతం నాచు ఉందో లెక్కించడానికి 50 సెంటీమీటర్ల చదరపు చట్రం, 5 సెంటీమీటర్లకొక దారం కడితే లోపల 81 కూడళ్లు వస్తాయి. ఒక్కో కూడలి కింద ఏముందో రాసుకోవాలి: నాచు ఉండ, నాచు ముక్క, పగడం, గవ్వ, మట్టి. ఇలా ఒక పొరకు మూడు నాలుగు చోట్లయినా చేయాలి. నిమ్మకాయంత ఉండల శాతాన్ని అగ్గిపెట్టెంత స్లైడులో లెక్కపెట్టబోతే, స్లైడు ఉండ మీద పడితే నూటికి నూరు, పక్కన పడితే సున్నా వస్తుంది.

30 మైక్రాన్ల పని

నాచు ఏ కుటుంబానిదో తేలేది థిన్ సెక్షన్‌లోనే, అంటే గాజు మీద అతికించి వెలుతురు దూరేంత పలుచగా అరగదీసిన రాతి ముక్కలోనే. రాయిని పెరుగుదల పొరలకు లంబంగా కోయాలి. పొరలకు సమాంతరంగా కోస్తే కణాలన్నీ తేనెపట్టులా ఒకేలా కనబడతాయి. ఏది మొదలో ఏది చివరో తెలియదు. కోసిన ముఖాన్ని 400, తర్వాత 600, తర్వాత 1000 నంబరు కార్బొరండం పొడితో నునుపు చేసి, బాగా ఆరబెట్టి, ఎపాక్సీతో గాజు స్లైడుకు అతికిస్తారు. తడి మిగిలినా, జిగురులో గాలి బుడగలు ఉండిపోయినా, చివరి అరగదీతలో సరిగ్గా అక్కడే రాయి లేచిపోతుంది.

మందం 30 మైక్రాన్లకు వచ్చిందో లేదో తెలుసుకోవడం సున్నపురాయిలో కష్టం. మామూలు రాళ్లలో, పోలరైజింగ్ మైక్రోస్కోపు కింద, క్వార్ట్జ్ గింజ లేత బూడిదరంగుకు తిరిగితే సరైన మందం వచ్చినట్టు. సున్నపురాయిలో చాలాసార్లు క్వార్ట్జే ఉండదు. కాల్సైటు రంగులు ఏ మందంలోనైనా పాలిపోయినట్టే ఉంటాయి. దీనికి ఇంటి వైద్యం తిరుపతి వాళ్ల కాళ్ల కిందే ఉంది: కొండ దిగువన రోడ్డు పక్క రాలిపడిన క్వార్ట్‌జైటు రాతి నుంచి చిన్న పలుకు కోసి, అదే స్లైడు మీద సున్నపురాయి పక్కన అతికించండి. రెండూ కలిసి అరుగుతాయి. పలుకు పసుపుగా ఉన్నంతసేపూ మందం ఎక్కువ. బూడిదరంగుకు రాగానే ఆపాలి. కణాలు మరీ చిన్నవైన నాచు 30 దగ్గర కూడా నల్లటి ముద్దలా కనిపిస్తే, 20 దాకా దించాల్సి వస్తుంది. అక్కణ్నుంచి చేత్తోనే, గాజు పలక మీద, నాలుగైదు సార్లు తిప్పగానే ఆగి చూసుకుంటూ వెళ్లాలి. తొందరపడితే రాయి మాయమై స్లైడు మిగులుతుంది.

ఇక గుర్తింపు. బీజాలు తయారయ్యే గదిని కాన్సెప్టకిల్ అంటారు. దాని పైకప్పుకు ఒకే రంధ్రం ఉంటే లిథోఫిల్లమ్, పోరోలిథాన్ వంటి కోరలినేలీస్ వర్గం. జల్లెడలా అనేక రంధ్రాలుంటే లిథోథామ్నియాన్, మెసోఫిల్లమ్ ఉండే హపాలిడియేలీస్. పెద్ద గది లేకుండా చిన్న చిన్న అరలు వరసగా పేర్చినట్టుంటే స్పోరోలిథాన్. మన పాత రిపోర్టుల్లో ఆర్కియోలిథోథామ్నియమ్ అని కనిపించేది ఈ స్పోరోలిథానే. ఒకే నాచును రెండు పేర్లతో రెండుసార్లు లెక్కపెట్టిన పట్టికలు లేకపోలేదు. పక్కపక్క కణ వరసలు ఎలా కలిశాయన్నది రెండో గుర్తు: లిథోఫిల్లమ్‌లో పిట్ కనెక్షన్లనే సన్నటి సందులు, మిగతా చాలావాటిలో గోడ కరిగి రెండు కణాలు ఏకమైన కలయికలు.

వినడానికి తేలిగ్గా ఉంది. చేయబోతే తెలుస్తుంది. గది వెడల్పు 400 మైక్రాన్లు, రంధ్రం వెడల్పు 50 అనుకుంటే, అడ్డదిడ్డంగా పడే కోత ఆ రంధ్రం గుండా వెళ్లే అవకాశం ఎనిమిదింట ఒకటి. రంధ్రం కనబడలేదంటే లేదని కాదు. 18 గదులు చూస్తే గానీ ఒక్కసారైనా రంధ్రం తగిలే అవకాశం నూటికి 90 దాటదు. ఇంకో మెలిక ఉంది. జల్లెడ కప్పు వర్గంలో కూడా ఆడ, మగ బీజాల గదులకు ఒకే రంధ్రం ఉంటుంది. జల్లెడ కప్పు ఉండేది అలైంగిక బీజాల గదికే. ఒక రంధ్రం కనబడగానే లిథోఫిల్లమ్ అని రాసేస్తే, అది లిథోథామ్నియాన్ ఆడగది అయ్యే ప్రమాదం ఉంది. ఇంత కష్టపడి జాతి పేరు దాకా పోవడం చాలాసార్లు అనవసరం. ఈ మధ్య డీఎన్ఏ పరీక్షల్లో, చూపుకు ఒకేలా ఉండే బతికున్న కోరలైన్లే వేరు వేరు జాతులుగా తేలుతున్నాయి. శిలాజంలో కుటుంబం, ప్రజాతి (దగ్గరి జాతుల గుంపు) వరకు ధైర్యంగా చెప్పి, అక్కడ ఆగడమే నిజాయితీ.

పేరు దొరికాక

ఉష్ణమండల సముద్రాల్లో, అలలు విరుచుకుపడే పగడపు దిబ్బ అంచున పోరోలిథాన్ మందపాటి పొరలు కడుతుంది. ఆ పొరల్లో వెర్మెటిడ్ అనే గొట్టపు నత్తలు కూడా ఇరుక్కుని ఉంటే, లోతు 10 మీటర్ల లోపే. ఇది ఈ రంగంలో ఉన్న అతి గట్టి కొలబద్ద. 2005లో తాహితి దీవి దగ్గర సముద్రపు అడుగున డ్రిల్లింగ్ చేసి, మంచుయుగం ముగిశాక సముద్రమట్టం ఎలా పెరిగిందో లెక్కించినప్పుడు పగడాలతో పాటు ఈ పొరలే ఆధారం. లోతు పెరిగిన కొద్దీ పొరలు పలచబడి, మెసోఫిల్లమ్, లిథోథామ్నియాన్, స్పోరోలిథాన్ పాలు పెరుగుతుంది.

మరి లిథోథామ్నియాన్ నిండుగా ఉన్న రాయి అంటే లోతైన నీళ్లా? ఆగండి. చల్లటి సముద్రాల్లో ఈ జల్లెడ కప్పు వర్గం ఒడ్డు పక్కనే పెరుగుతుంది. ఫ్రాన్స్‌లోని బ్రిటనీ తీరంలో మేర్ల్ అనే పేరుతో పరుచుకున్న కొమ్మల ముక్కలు అలాంటివే. లోతుకూ చలికీ ఈ నాచు ఒకే సంతకం పెడుతుంది. ఎవరి సంతకమో తేల్చాలంటే ఇరుగుపొరుగును అడగాలి. ఆంఫిస్టెజైనా, హెటెరోస్టెజైనా వంటి పెద్ద ఫొరామినిఫెరా (గుల్ల ఉన్న ఏకకణ జీవులు) పక్కనే ఉంటే నీళ్లు వెచ్చనివి, కాబట్టి నాచు చెబుతున్నది మసక వెలుతురు. ఫొరామినిఫెరా లేక, బ్రయోజోవాలు (గుంపులుగా అతుక్కుని బతికే చిన్న జంతువులు), ఆల్చిప్పలు మాత్రమే ఉంటే చలిని అనుమానించాలి.

పగడాలు కనబడకపోవడాన్ని మాత్రం చలికి సాక్ష్యంగా తీసుకోకండి. ముందు చెప్పిన ఆరగొనైటు తేడా పని చేసేది ఇక్కడే. పగడాలు కరిగిపోయి, నాచు మిగిలిపోయి, వెచ్చటి దిబ్బ కాస్తా చల్లటి నాచు తిన్నెలా కనబడుతుంది. అందుకే ఖాళీ అచ్చుల కోసం, తెల్లటి ముతక కాల్సైటు నింపిన పగడపు ఆకారాల కోసం స్లైడులో పనిగట్టుకుని వెతకాలి. ఉన్నాయంటే పగడాలు ఉండేవన్నట్టే.

రాయిలో ఉన్నవన్నీ అక్కడే పెరిగాయా అన్నది ఇంకో ప్రశ్న. కీళ్లున్న కోరలైన్లు, ఆంఫిరోవా, జానియా వంటివి, చచ్చాక కీలు దగ్గర విడిపోతాయి. కీళ్లలో సున్నం ఉండదు కనుక మధ్య ముక్కలే రాళ్లలోకి చేరతాయి. అవి ప్రవాహానికి తేలిగ్గా కొట్టుకుపోయే సరుకు. అంచులు అరిగిన ముక్కలు సన్నటి బురదలో కనబడితే, తుపానుకో వాలు జారుడుకో లోతులోకి దిగాయన్నమాట. అలాంటి ముక్కలను లోతు లెక్కలోంచి తీసేయాలి. ఒకదాని మీద ఒకటి పెరిగి అతుక్కున్న పొరలనే స్థానికులుగా నమ్మాలి.

మెగ్నీషియం ఆశ

నీళ్లు వెచ్చబడితే నాచు కాల్సైటులో మెగ్నీషియం పెరుగుతుంది. ఉత్తర అట్లాంటిక్, ఆర్కిటిక్ తీరాల్లోని క్లాత్రోమోర్ఫమ్‌లో ఏటా ఒక వలయం పడుతుంది. దాని నుంచి 646 ఏళ్ల సముద్రపు మంచు చరిత్రను 2013లో రాబట్టారు. ఇది చూసి కోట్ల ఏళ్ల రాయి మీద థర్మామీటరు పెట్టాలనిపించడం సహజం. కానీ మెగ్నీషియం ఎక్కువున్న కాల్సైటు భూమిలో ఎక్కువకాలం నిలవదు. గోడల ఆకారం ఉంచేసి మెగ్నీషియాన్ని వదిలేస్తుంది. మైక్రోస్కోపులో కణాలు చెక్కుచెదరలేదు కదా అని మోసపోకూడదు. ఖనిజాన్ని గుర్తుపట్టే ఎక్స్‌రే డిఫ్రాక్షన్ పరీక్షలో, రాగి గొట్టం వాడితే, ప్రధాన శిఖరం 29.4 డిగ్రీల దగ్గర ఉంటే మెగ్నీషియం పోయినట్టే, 29.8 వైపు జరిగి ఉంటేనే కొంత ఆశ. కొన్నిచోట్ల అదే మెగ్నీషియం వల్ల నాచు మొత్తం డోలమైటుగా మారుతుంది, ఆకారం చెదరకుండానే. దాన్ని పట్టుకోవడానికి అలిజరిన్ రెడ్ అనే రంగు పొడి చాలు: 1.5 శాతం హైడ్రోక్లోరిక్ ఆమ్లం 100 మిల్లీలీటర్లలో 0.2 గ్రాములు కలిపి, కప్పు గాజు వేయని స్లైడును అర నిమిషం ముంచితే కాల్సైటు ఎర్రబడుతుంది, డోలమైటు రంగు పట్టదు. క్రిటేషియస్ నాచు నుంచి డిగ్రీల్లో ఉష్ణోగ్రత చెప్పిన రిపోర్టు చేతికొస్తే, ముందు ఈ రెండు పరీక్షలు ఉన్నాయేమో చూడండి.

కాలం వెనక్కి వెళ్లేకొద్దీ నేటి నాచుతో పోలిక కూడా బలహీనపడుతుంది. మయోసీన్ దాకా, అంటే సుమారు 2.3 కోట్ల ఏళ్ల వెనక్కి, ప్రజాతులు చాలావరకు ఇప్పటివే. లిటిల్ అండమాన్‌లోని హట్‌బే సున్నపురాళ్లకు ఈ పద్ధతి బాగా నప్పుతుంది. అయినా ఆ కాలంలోనే, బర్డిగాలియన్ అనే దశ నుంచి టార్టోనియన్ దశ మొదటి వరకు, ప్రపంచమంతటా పగడాల చోటును కోరలైన్లు ఆక్రమించాయి. వియన్నా పాత భవనాల్లోని లైతా సున్నపురాయి ఆ కాలం సరుకే. నేటి సముద్రాల్లో అంత విస్తారమైన నాచు తిన్నెలకు సరైన పోలిక లేదు. కల్లక్కుడి వంటి క్రిటేషియస్ రాళ్ల దగ్గరికి వచ్చేసరికి, స్పోరోలిథాన్ ఇప్పటిలా మసక వెలుతురులోనే ఉండేదని పట్టుబట్టలేం. అక్కడ పేరు బరువు తగ్గించి, పెరుగుదల రూపం, మట్టి శాతం, ఇరుగుపొరుగు జీవుల బరువు పెంచాలి.

అందుకే రిపోర్టులో చివరి వరస ఒక అంకెతో ముగియకూడదు. "తేట నీళ్లయితే 40 నుంచి 70 మీటర్లు, మడ్డి నీళ్లయితే 15 నుంచి 25, కరగని మడ్డి 9 శాతం కాబట్టి రెండోదే దగ్గర" అనే తరహాలో, వెలుతురు మొదట, లోతు తర్వాత, ఏ ఆధారం ఎటు లాగిందో పక్కనే రాసి ఉంటే, రేపు ఇంకొకరు అదే పొరలో కరిగిపోయిన పగడపు అచ్చు ఒకటి కనిపెట్టినా, ఆ వరసను చింపేయక్కర్లేకుండా దిద్దుకోగలరు.